రెండో వైపు మూడో పాట

రికార్డులు అచ్చువేసే ఆ కార్ఖానాలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. వెనకాల అందరూ చెవులమ్మ అనేవారు, ఎదురుగా మేడమ్ అనేవారు. తన వెనక ఏమంటున్నారో ఆవిడకి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకునేది, ఎందుకంటే లోలోపల ఆ పేరంటే ఆవిడకి కాస్త మురిపెమే. ఒక రికార్డు మీద ఎంతమంది చేతులు పడినా, మొదటి నమూనా విని ఊఁ అనాల్సింది మాత్రం ఆవిడే. ఊఁ అంటే ప్రెస్సు నడుస్తుంది. ఊహూఁ అంటే మేనేజరైనా సరే మొహం గంటు పెట్టుకుని అచ్చు మళ్ళీ చేయించుకోవలసిందే.

లోకంలో అందరూ తమ జీవితాన్ని పెళ్ళిళ్ళతోనూ పురుళ్ళతోనూ గుర్తుపెట్టుకుంటే, చెవులమ్మ రాక్ ఆల్బములతో గుర్తుపెట్టుకునేది. వాటికి పెట్టుకున్న పేర్లు కూడా అట్టల మీది బొమ్మల్ని బట్టి తను పెట్టుకున్నవే. పచ్చలారీ ఆల్బము విన్నప్పుడు ఇంకా రెండు జడల పిల్ల. మేనమామకి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. ఆ కొట్లో బల్ల కింద కూర్చుని విన్నది. పాటంటే బుద్ధిగా కూర్చుని పాడేదని అప్పటిదాకా అనుకున్న పిల్ల, గిటారు ఒక్కసారిగా అరిచేసరికి ఆ అరుపు తన గొంతులోంచే వచ్చిందనుకుని హడలిపోయి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ పెట్టమంది. తర్వాత మునిగిన మెట్లు. అందులో లావు తీగల గిటారు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో చెప్పగలిగినందుకే ఈ కార్ఖానాలో ఉద్యోగం దొరికింది. ఇక ఖాళీ కుర్చీ సంగతి వేరు. అది ఆవిడకి నచ్చిన ఆల్బము కాదు, ఆవిడకి ధైర్యం చెప్పిన ఆల్బము. ఎలాంటి ధైర్యమో తర్వాత చెప్తాను.

వినే గదికి ఒక కట్టుబాటుంది. చెవులమ్మకి పని నేర్పిన పాత పెద్దాయన పెట్టి వెళ్ళినది. తనకి కంఠతా వచ్చిన రికార్డుని ఎవరూ తనే పరీక్షించకూడదు. తెలిసిన పాటని మనసు ముందే పాడేస్తుంది, చెవి దాని వెనకాల తలూపుకుంటూ పోతుంది అనేవాడాయన. అందుకే గదిలో ఎప్పుడూ ఇద్దరుండాలని, ఒకళ్ళకి ప్రాణమైనది రెండో వాళ్ళకి అప్పగించాలని చెప్పి మరీ రిటైరయ్యాడు.

ఆ రెండో మనిషి ఎవరో కాదు, చెవులమ్మకి స్వయానా ఆడపడుచు. ఉద్యోగం ఇప్పించింది చెవులమ్మే. అప్పటినుంచీ ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పనిచేస్తున్నా, వాళ్ళ మధ్య మాటలు మందుల చీటీలా ఉండేవి, అవసరమైనంత మటుకే. చెవులమ్మ రాక్ అంటే చెవి కోసుకుంటే, ఆడపడుచుకి అది డబ్బాలో రాళ్ళు పోసి ఊపడం. వాళ్ళింట్లో పాటల పెట్టె అన్నదే లేదు. కానీ పనికి మాత్రం ఆ చెవి బంగారం. ఏ పాటా ఆమెకి చుట్టం కాదు గనక, ఎక్కడ టక్కుమన్నా, ఎక్కడ గరగరలాడినా వెంటనే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

ఇప్పుడు మళ్ళీ అచ్చుకొచ్చిన ఖాళీ కుర్చీని కట్టుబాటు ప్రకారం ఆమెకే ఇవ్వాలి. చెవులమ్మ ఇవ్వలేదు. తన ప్రాణాన్ని తీసుకెళ్ళి, గోల అని మొహం చిట్లించే మనిషి చేతిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. మొదటి నమూనా నిన్న పొద్దున తనే విన్నది, కళ్ళు మూసుకుని, రెండు వైపులా. విని ఊఁ అంది. సాయంత్రం పోయేటప్పుడు మాట రాకుండా ఉండాలని, రెండో నమూనాని ఆడపడుచు బల్ల మీద పెట్టి, ఇదుగో నువ్వూ ఓసారి విను అని ఊరికే అన్నట్టు అనేసి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి, లేకపోతే ఆ రోజు చెవులమ్మ ఎందుకంత కంగారు పడిందో అర్థం కాదు. ఖాళీ కుర్చీ బృందం పెద్ద పేరున్న బృందమేమీ కాదు. నలుగురు మనుషులు, ఒకే ఒక్క ఆల్బము, వేసినవే కొద్ది ప్లేట్లు. అసలు టేపులు స్టూడియోలోకి నీళ్ళు వచ్చినప్పుడు నానిపోయాయి. పాడినావిడ, గిటార్ల వాళ్ళిద్దరూ పోయారు. మిగిలింది డ్రమ్ములాయనొక్కడే. ఇన్నేళ్ళకి కుర్రకారు మళ్ళీ ప్లేట్ల మీద పడ్డారని, మేనేజరు ఆ ఆల్బముని తిరిగి వెయ్యాలనుకున్నాడు. టేపు లేదు గనక, ఎవరి దగ్గరైనా మచ్చలేని పాత ప్లేటుంటే దాన్నుంచే పాటలు ఎక్కించి కొత్త అచ్చు చేయించాలి. డ్రమ్ములాయన తన దగ్గరున్నవన్నీ ఎప్పుడో పంచిపెట్టేశాడట. మేనేజరు ఊరంతా వెతికిస్తుంటే చెవులమ్మ అతని గదిలోకి వెళ్ళి, నా ప్లేటుంది, దాని మీద వెంట్రుకంత గీత కూడా లేదు, నాదీ పూచీ అని చెప్పి, మర్నాడు చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చి ఇచ్చింది. బయట ఇంజనీరొకాయన దాన్నుంచి పాటలు దింపి, బరబరలూ చిటపటలూ అన్నీ శుభ్రంగా కడిగేసి పంపాడు. ఆ అచ్చే ఇప్పుడు ప్రెస్సులో కూర్చుని ఉంది. మధ్యాహ్నం డ్రమ్ములాయన వచ్చి విని సరేనని సంతకం పెడితే, వెంటనే నడపడానికి ప్రెస్సు వాళ్ళు ఆవిరి ఎక్కించి సిద్ధంగా ఉన్నారు.

ఆ రోజు పొద్దున చెవులమ్మ సంచి కొక్కానికి తగిలిస్తూ ఉండగానే ఆడపడుచు లేచి నిలబడింది. మామూలుగా లేవదు.

"వదినా, రెండో వైపు మూడో పాటలో అడుగు తప్పుతోంది."

చెవులమ్మకి నవ్వొచ్చింది. ఆ అడుగు గురించి ఆవిడ దగ్గర ఉపన్యాసమే ఉంది. దొరికిన వాళ్ళందరికీ చెప్పింది, టీ తెచ్చే మనిషిని కూడా వదల్లేదు. ఆ పాటలో పాడే ఆవిడ ఇంట్లో ఒక్కతీ ఉంటుంది. బయట ఎవరో తలుపు తడుతుంటారు. తట్టకు, ఈ తలుపు నీది కాదు అని పాడుతూ పాడుతూ ఉండగా, డ్రమ్ములు తాళంలో ఒక్క అడుగు మింగేసి, గిటార్లు ఒక్కసారి విరుచుకుపడతాయి. ఆ తర్వాత, ఈ ఇంట్లో దీపం నాదే అని గొంతెత్తి పాడుతుంది. గుండె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టుకున్నట్టు, కావాలనే అలా వాయించారని, ఆల్బము మొత్తానికి గొప్పతనమంతా ఆ మింగిన అడుగులోనే ఉందని చెవులమ్మ సిద్ధాంతం. అదే సిద్ధాంతాన్ని ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది.

ఆడపడుచు చివరిదాకా విన్నది. ఆమె మొహంలో విసుగు లేదు, అదే చెవులమ్మకి వింతగా అనిపించింది.

"కావాలని తప్పిస్తే దానికి ముందే తెలుస్తుంది వదినా. ఇది తోసేసినట్టుంది. ఆవిడ ఊపిరి తీసుకుంటోంది చూడు, గట్టిగా. ఏదో పాడ్డానికే తీసుకుంటోంది. ఆ పాడేది రావట్లేదు."

నీకేం తెలుసు రాక్ గురించి అనబోయి చెవులమ్మ ఆగిపోయింది. ఆ ఊపిరి తనకీ తెలుసు. బాగా తెలుసు. ఇన్నేళ్ళూ ఆ ఊపిరి వచ్చినప్పుడల్లా తనూ ఊపిరి బిగబట్టేది. అది దేనికోసం తీసుకున్న ఊపిరి అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఏమీ పాడబోని మనిషి అంత ఊపిరి ఎందుకు తీసుకుంటుంది?

మాట తప్పించి, చూస్తానులే అని, బీరువాలోంచి, ఇంజనీరు తిప్పి పంపిన తన పాత ప్లేటు తీసింది. ఆడపడుచుని సామాను గదికి పంపేసి తలుపు దగ్గరగా వేసుకుంది. ప్లేటు మీద ముల్లు నడిచే గాడులు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని, ప్లేటుని దీపం కింద కొద్దికొద్దిగా తిప్పింది. ఇన్ని వేల ప్లేట్లని ఆ అద్దంతో కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు చూసిన మనిషి, తన సొంత ప్లేటుని ఎన్నడూ చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, కంఠతా వచ్చాక?

కనిపించింది. మూడో పాట సగంలో, గాడులకి అడ్డంగా, ఏటవాలుగా, సన్నటి మెరుపు. గోటితో గీసినంత కూడా లేదు. నాలుగైదు గాడుల గోడలు అక్కడ నున్నగా అరిగి ఉన్నాయి. ముల్లు అక్కడికి రాగానే జారి, అవతల పడుతోందన్నమాట. పడేది కూడా సరిగ్గా డ్రమ్ము దెబ్బ మీదే పడటంతో గెంతినట్టే తెలియలేదు. ఈ ప్లేటూ మేనమామ కొట్లోంచి తెచ్చుకున్నదే, వచ్చేనాటికే ఆ గీత ఉండి ఉండాలి. ఇంజనీరు ఆ చోట టక్కుమన్న చప్పుడుని కూడా తుడిచేశాడు. ఇప్పుడిక అక్కడ ఏదో పోయిందని పసిగట్టే దారి కూడా లేదు. చెవులమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది.

బయటపెడితే ఏం పోతుంది, కుర్చీ పోతుంది, పేరు పోతుంది. నాదీ పూచీ అని మేనేజరు ముందు కొట్టుకున్న డప్పు పోతుంది. అదంతా ఆవిడ ఆలోచించింది, ఆలోచించలేదని కాదు. కానీ ఆవిడ కంగారుకి కారణం అది కాదు. ఆ నాలుగైదు గాడుల్లో ఏముందో అన్నది కారణం.

ఆ ధైర్యం సంగతి ఇప్పుడు చెప్పాలి. చెవులమ్మకీ భర్తకీ కొన్నాళ్ళు బాగానే జరిగింది. అత్తగారికి చప్పుడు పడదని చెవులమ్మ రికార్డులన్నీ హెడ్‌ఫోన్లలోనే వినేది. ఎంత వినేదంటే, చెవికి అవి పెట్టుకుంటే పెళ్ళాం ఊళ్ళో లేనట్టే అని భర్త ఎగతాళి చేసేవాడు. ఎగతాళి కాస్తా దెప్పుగా మారింది, దెప్పు పోట్లాటైంది, ఆఖరికి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేసినా భగ్గుమనే దాకా వచ్చింది. ఒకనాడు అతను నలుగురిలో అనరాని మాట అన్నాడు. చెవులమ్మ రికార్డులు మూటగట్టుకుని వేరే గది అద్దెకి తీసుకుంది. కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం అతను వచ్చి తలుపు తట్టాడు. కిటికీ సందులోంచి చూసింది. చిక్కిపోయి ఉన్నాడు. తియ్యాలనే లేచింది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ తియ్యాలనే లేచింది. కానీ రెండడుగులు వేసేసరికి ఆ పాట గుర్తొచ్చింది. తట్టకు, ఈ తలుపు నీది కాదు. నోటితో చెప్పలేని జవాబు ప్లేటు చేత చెప్పిద్దామని, హెడ్‌ఫోన్ల తీగ పీకేసి, మొట్టమొదటిసారి ఆ పాటని గదంతా మోగేలా పెట్టింది. తట్టడం ఆగిపోయింది. రెండుసార్లు తట్టి మానేసే మగవాడి ప్రేమ ఏపాటిదో తెలిసిపోయిందనుకుంది. ప్లేటు మొత్తం అయి ఆగాక, చాలాసేపటికి తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. అతను వేరే ఊళ్ళో పనికి వెళ్ళిపోయాడు, ఏడాది తిరక్కుండానే జబ్బు చేసి పోయాడు. చెవులమ్మ ఏడ్చింది గానీ, తలుపు తియ్యనందుకు మాత్రం ఏడవలేదు. మెత్తబడినప్పుడల్లా ఆ పాట పెట్టుకునేది. పాట ఎప్పుడూ ఆవిడ పక్షమే మాట్లాడేది.

బయట కారు ఆగిన చప్పుడైంది. డ్రమ్ములాయన అనుకున్న దానికంటే ముందే వచ్చేశాడు.

పెద్ద మనిషి. ఇంత పొడుగు చేతులు. కుర్చీలో కూర్చోగానే వేళ్ళు వాటంతట అవే బల్ల మీద ఆడుతున్నాయి. మేనేజరు ఆయన చుట్టూ తిరుగుతూ, సార్ ఇటు, సార్ అటు అంటూ, చెవులమ్మని చూపించి, ఈవిడ ప్లేటు వల్లే ఇదంతా సాధ్యమైందని గొప్పగా చెప్పాడు. ఆయన చెవులమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. మా పాటని ఇన్నేళ్ళు దాచావా అమ్మా అన్నాడు. చెవులమ్మకి తల తీసేసినట్టయింది. సామాను గదిలోంచి ఆడపడుచు వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

నమూనా పెట్టాల్సింది చెవులమ్మే. పెట్టింది. మొదటి వైపంతా ఆయన కళ్ళు మూసుకుని ఊగుతూ విన్నాడు. పాడినావిడ గొంతు రాగానే ఒకసారి రుమాలు తీసుకున్నాడు. చెవులమ్మ ప్లేటు తిప్పి రెండో వైపు పెట్టింది. మొదటి పాట అయింది. రెండోది అయింది. మూడో పాట మొదలైంది. ఆయన కనుక్కుంటే బావుణ్ణు అని ఒక పక్క, కనుక్కోకపోతే బావుణ్ణు అని ఒక పక్క. తట్టకు అంది గొంతు. ఈ తలుపు నీది కాదు అంది. గట్టిగా ఊపిరి తీసుకుంది. గిటార్లు విరుచుకుపడ్డాయి.

ఆయన వేళ్ళు బల్ల మీద ఒక్క క్షణం తడబడ్డాయి. తర్వాత మళ్ళీ దారిలో పడ్డాయి. ఆయన తలూపుతూనే ఉన్నాడు.

రికార్డు అయిపోయింది. చాలా బావుంది అన్నాడాయన. కాస్త సిగ్గుపడుతూ, ఇన్నేళ్ళు డ్రమ్ముల పక్కన కూర్చోవడంతో తనకి ఒక చెవి పూర్తిగా పోయిందనీ, రెండోది సగమేననీ, మీ లాంటి చెవులున్న వాళ్ళు బావుందంటే తనకి అదే చాలుననీ చెప్పాడు. మేనేజరు కాగితం ముందుకి జరిపి కలం మూత తీసి ఇచ్చాడు.

అంతే. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అంతా సర్దుకుంటుంది. కుర్చీ ఉంటుంది, పేరుంటుంది, పాట తను బతికినట్టే ఉంటుంది. కొత్తగా వినబోయే వాళ్ళంతా కూడా అలాగే వింటారు. చెవులమ్మ ఆడపడుచు వైపు చూసింది. ఆడపడుచు తలెత్తలేదు. ఏదైనా అంటే ఆమె మీద కోపం తెచ్చుకుని గట్టెక్కేది చెవులమ్మ. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. కలం కాగితం మీద ఆనింది.

"సంతకం పెట్టకండి," అంది చెవులమ్మ. ఆయన మంచి చెవి వైపుకి వెళ్ళి, వంగి, మళ్ళీ చెప్పింది. "తలుపు పాటలో కొంత ముక్క లేదండీ. నా ప్లేటు మీద గీతుంది. ముల్లు గెంతేస్తోంది. అక్కడ ఆవిడ ఏం పాడిందో నాకు తెలీదు. నేనెప్పుడూ వినలేదు."

మేనేజరు మొహం ఎలా మారిందో చెవులమ్మ చూడలేదు. ఆయన మొహమే చూస్తోంది. ఆయన కలం పక్కన పెట్టి, వేళ్ళతో బల్ల మీద దరువు మొదలుపెట్టాడు. తట్టకు, తట్టకు అని గొణుక్కుంటూ, ఆ చోటికి వచ్చి ఆగి, కళ్ళు పెద్దవి చేశాడు.

"అదా, నా చెయ్యి అందుకే తడబడింది. నాకే మతి పోయిందనుకున్నా. అక్కడే కదమ్మా ఆవిడ తలుపు తీసేది."

చెవులమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆయనకి అదేమీ తెలియదు. ఉత్సాహంగా, బొంగురు గొంతుతో పాడి కూడా వినిపించాడు. తట్టింది చాలు, గడియ తీశాను, చీకట్లో నిలబడకు, చెప్పేదేదో లోపలికొచ్చి చెప్పు, ఈ ఇంట్లో దీపం నాదే. ఆవిడ గడియ తీసిన సంతోషానికే ఆ గిటార్లు అలా లేస్తాయట. ఆ ముక్క లేకపోతే ఇంకేముంది పాటలో, తలుపేసుకుని కూర్చున్న మనిషి గోడు తప్ప అని నవ్వాడు. ఆ పాట రాసింది పాడినావిడేననీ, ఆ రెండు మాటల కోసమే మిగతా పాటంతా రాశానని ఎప్పుడూ చెప్పేదనీ అన్నాడు.

ఆ తర్వాత జరగాల్సిందంతా జరిగింది. ప్రెస్సు చల్లార్చమని మేనేజరు మనిషిని పంపాడు. వెంట్రుకంత గీత కూడా లేదన్నారు కదా మేడమ్ అని ఒక్క మాటే అన్నాడు, అదీ మర్యాదగానే. ఆ మర్యాదలోనే తన కుర్చీ సంగతి చెవులమ్మకి అర్థమైపోయింది. కంఠతా వచ్చిన రికార్డుని తనే విని పంపానని, తప్పంతా తనదేనని, రెండో నమూనా విని ఇది కనిపెట్టింది ఆడపడుచేనని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇంకో ప్లేటు ఎక్కడైనా దొరికేదాకా పని ఆపుదామని, మేనేజరు డ్రమ్ములాయన్ని టీకి తీసుకెళ్ళాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. చెవులమ్మ తన పాత ప్లేటుని అట్టలో పెట్టబోయింది. పెట్టలేక బల్ల మీదే వదిలేసింది. ఇన్నేళ్ళలో ఏనాడూ అడగని భర్త సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది, కానీ ఆడపడుచే ముందు మాట్లాడింది.

"నేనేం కనిపెట్టలేదు వదినా. ఆ మాట వస్తుందని చూస్తూ కూర్చున్నా, రాలేదు. అంతే."

"నీకెలా తెలుసు ఆ మాట ఉందని?"

ఆడపడుచు నెమ్మదిగా, ఎవరి మీదా నేరం మోపనట్టుగా చెప్పుకొచ్చింది. పెళ్ళికి ముందు అన్నయ్య ఆ బృందం వాళ్ళ కచేరీకి లైట్లు కట్టడానికి వెళ్ళాడట. ఆ పాట అక్కడే విన్నాడు. గడియ తీసే చోట జనమంతా లేచి అరిచారని ఇంటికొచ్చి కథలా చెప్పాడట. చెవులమ్మ గది ముందు నుంచి వచ్చిన ఆ రాత్రి కూడా అన్నయ్య చెల్లెలి ఇంటికే వెళ్ళాడు.

"నువ్వా పాట పెట్టావట. పెట్టగానే తట్టడం మానేశాడట. ఇక తట్టక్కర్లేదు, ఆ మాట రాగానే తనే తీస్తుంది అనుకున్నాడట. బయటికి మాటలు సరిగ్గా వినిపించలేదట. గిటార్లు లేచేసరికి ఆ చోటు దాటిపోయిందనుకున్నాడు. ఇంకా తియ్యవేంటా అని చూశాడు. నువ్వు కావాలనే ఆశపెట్టి తియ్యలేదనుకున్నాం వదినా. అన్నయ్యా అనుకున్నాడు, నేనూ అనుకున్నా. నిన్న సాయంత్రం దాకా అనుకున్నా. అందుకే ఆ గోలంటే నాకు పడేది కాదు."

చెవులమ్మ లేచి నిలబడబోయింది. ఆడపడుచు వచ్చి భుజం పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె చెవులమ్మని ముట్టుకోవడం అదే మొదలు.

"ఎంతసేపున్నాడట?" అని అడిగింది చెవులమ్మ.

"ప్లేటు ఆగేదాకా ఉన్నాడట."

చెవులమ్మకి ఆ ఆల్బము కంఠతా వచ్చు. మూడో పాట తర్వాత ఆ వైపు ఇంకా రెండు పాటలున్నాయి. రెండూ పెద్దవే.